పున్నమ్మ వంతు

సెలవులకి ఊటీ పోయేవాళ్ళున్నారు, తిరుపతి పోయేవాళ్ళున్నారు. పున్నమ్మ కుటుంబం మాత్రం ఇంటికి అయిదు మైళ్ళ దూరంలో, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూసే కొండవీటి కొండకి పోయింది. అది తెలిసి వాడలో నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనీండి. ఆ నవ్విన వాళ్ళలో కొండ ఎక్కినవాడు ఒక్కడుంటే చూపించమనండి.

ఈ ఆలోచన పున్నమ్మ కొడుకు ఇమ్మానియేలుది. ఒంగోల్లో చిన్నపిల్లల బడిలో టీచరు. పాఠాలు చెప్పేవాడికి ఊరికే కూర్చోవడం చేతకాదు కదా. ఎనభై నాలుగు క్రిస్మస్‌కి పెళ్ళాం పిల్లలతో ఊరొచ్చి, పండగ వెళ్ళిన మర్నాడే మొదలుపెట్టాడు.

"కొండ గాలి పిల్లలకి మంచిదంట నాన్నా. మా హెడ్మాస్టరు గారు ఏటా ఏదో ఒక కొండకి పోతారు. మనమూ నాలుగు రోజులు పోదాం. కొండ కింద ఊళ్ళో ప్రార్థన మందిరం పక్కన గది ఉంది, అడిగి పెట్టాను."

తండ్రి యేసుపాదానికి గాలి గొడవ పట్టలేదు. కానీ పత్తి తీత చివరికొచ్చి, మిరప కోత ఇంకా మొదలవని ఆ పదిరోజులూ ఎట్లాగూ ఖాళీయే. సరేనన్నాడు. కోడలు రెబ్కాకి ముగ్గురు పిల్లలు: నాలుగేళ్ళ కరుణ, రెండేళ్ళ సామ్యేలు, అయిదు నెలల పాప. ఒంగోలు అద్దె గదిలో నుంచి బయటపడితే చాలు, ఎక్కడికైనా సరే అంది. పున్నమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోయినా అందరికంటే ముందు మూట కట్టింది ఆవిడే.

ఎందుకంటే ఆ కొండతో పున్నమ్మకి ఒక పని ఉంది. ముప్పై ఏళ్ళుగా ఉంది.

పున్నమ్మ పొలంలో కూర్చునే చోటు నుంచి చూస్తే తూర్పున కొండ మొత్తం కనిపిస్తుంది. శీతాకాలంలో, సాయంత్రం నాలుగవుతుండగా, కొండ భుజం మీద ఒకచోట తళుక్కున మెరుస్తుంది. మెరుపంటే మామూలు మెరుపు కాదు, కళ్ళల్లో కళ్ళు పెట్టి చూడనివ్వదు. కుండలో అన్నం ఉడికేంతసేపు ఉండి పోతుంది. ఎండలు ముదిరాయంటే మళ్ళీ చలికాలం దాకా కనిపించదు. అదేమిటి? ముఠా మేస్త్రి ఆదెమ్మ అది రెడ్డిరాజులు పాతిపెట్టిన బంగారం అనేది. యేసుపాదం అదేదో గాజుపెంకు అనేవాడు. గాజుపెంకు అయిదు మైళ్ళు మెరుస్తుందటయ్యా అని పున్నమ్మ అడిగితే, నీకెందుకే ఆ గోల అనేవాడు. ఎందుకేమిటి? రోజూ ఎదురుగా కూర్చుని మెరిసేదాన్ని అదేమిటో తెలుసుకోవాలనిపించకపోతే మనిషెందుకు?

మిగతా ఆడవాళ్ళకి ఆ మెరుపు పట్టలేదంటే వాళ్ళ తప్పు లేదు. వాళ్ళ తలలు మిరపచెట్ల మీదే ఉంటాయి. పున్నమ్మ ఒక్కతే తలెత్తుకుని కూర్చునేది. కోతకి పోయే ముఠాలో ఒక పద్ధతుంది. పదిమంది కాయ కోస్తే ఒకతె చెట్టుకింద ఆ పదిమంది పిల్లల్నీ చూస్తుంది. కూలి అందరితో సమానం. వంతులేసుకోవచ్చు కదా అంటారేమో, కుదరదు. ఒక్కపూట మిరపకాయ కోసిన చేతులు సబ్బు పెట్టి రుద్దినా, మజ్జిగలో ముంచినా మర్నాటికి కూడా మండుతూనే ఉంటాయి. ఆ చేత్తో పసిదాని ముఖం తుడిస్తే ఇంక ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం కాదు. అందుకని మొదటి కోత నాడు చెట్టుకింద ఎవరు కూర్చుంటే ఆఖరి కోత దాకా వాళ్ళే. కాయ ముట్టకూడదు. పాలివ్వడానికి తల్లులొచ్చి చేతులు వీపు వెనక పెట్టుకుని కూర్చుంటే, బిడ్డని రొమ్ముకి పట్టేది కూడా ఆవిడే.

ఇరవయ్యేళ్ళప్పుడు ఆదెమ్మ ఒకసారి, "నీ చెయ్యి పడితే పిల్లలు గమ్మునుంటారే పున్నమ్మా" అంది. అంతే. ఆ ఒక్క మాట ముప్పై ఏళ్ళు నడిచింది. ఊళ్ళో సగంమంది కుర్రాళ్ళు ఆవిడ చేతుల్లో పెరిగినవాళ్ళే. అది మంచి పేరే, కాదనను. మంచి పేరు ఒకసారి మెడకి పడితే మళ్ళీ ఊడదు.

సరే, బండి కట్టుకుని కొండ కిందికి చేరారు. ఇమ్మానియేలు జేబులోంచి కాయితం తీశాడు. ఏ పూట ఎవరు కొండెక్కాలి, ఎవరు పిల్లల్ని చూడాలి, నీళ్ళెవరు తేవాలి, అన్నమెవరు వండాలి అని రాశాడు. కొండవీటికి వచ్చామని కాబోలు, చాంతాడంత రాశాడు. అందులో పున్నమ్మ పేరు కొండ ఎక్కేవాళ్ళ వరసలో మూడో రోజు సాయంత్రం ఉంది, రెబ్కా పేరు పక్కన. పున్నమ్మకి చదువు రాదు. కొడుకు చదివి వినిపిస్తే, ఆ ముక్క ఇంకోసారి చదవమంది.

మొదటి రోజు తండ్రీ కొడుకులు దారి చూసి రావడానికి పోయారు. చీకటి పడే వేళకి దిగొచ్చారు. పున్నమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి పక్కనే నిలబడింది.

"ఏముందయ్యా పైన?"

"ఏముంటుంది, రాళ్ళు" అన్నాడు యేసుపాదం.

"నాలుగింటప్పుడు ఎక్కడున్నారు? ఏమన్నా మెరిసిందా?"

"మేం చూళ్ళేదు."

"కోట గోడ ఉందమ్మా, దర్వాజాలున్నాయి. పైన చెరువులు కూడా ఉన్నాయంట. గాలి మాత్రం భలేగా ఉంది" అన్నాడు ఇమ్మానియేలు. పున్నమ్మకి ఒళ్ళు మండింది. కళ్ళున్నవాళ్ళు కొండెక్కి గాలి పీల్చుకుని వచ్చారా? గాలి కిందా ఉందిగా.

రెండో రోజు నేనూ వస్తానని కరుణ గొడవ పెట్టింది. సగం దూరం మోయాలి కాబట్టి మళ్ళీ మగవాళ్ళిద్దరూ బయల్దేరారు. దిగొచ్చాక పున్నమ్మ ఈసారి మనవరాలిని కూర్చోబెట్టి అడిగింది. కరుణ ఒక కోతిని చూసింది. ఆ కోతికి తోకెంత ఉంది, అదేం తింటోంది, దాని పిల్ల పొట్టకింద ఎట్లా పట్టుకుంది అన్నీ చెప్పింది. ఇంట్లో చూసి రాగల మనిషి ఇదొక్కతే అనుకుంది పున్నమ్మ.

మూడో రోజు పొద్దున గంజి తాగుతూ యేసుపాదం మాట మార్చాడు. "అత్తా కోడళ్ళిద్దరూ పోతే పిల్లల్నెవరు చూస్తారు? రెబ్కా కుర్రది. వాడితో కలిసి అది వెళ్ళొస్తుంది. నువ్వుండు. నీకు పిల్లలు అలవాటేగా."

తండ్రి మాటలో తప్పేమీ కనపళ్ళేదు ఇమ్మానియేలుకి. కాయితం తీసి పున్నమ్మ పేరు కొట్టేశాడు. రెబ్కా అత్తయ్య ముఖం చూసింది. పున్నమ్మ అలాగేలెమ్మంది, గంజి గిన్నెలు తీసుకుని బావి దగ్గరికి పోయింది. గిన్నెలు తోమిందే తోమింది. ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఏడవడమేంటని సిగ్గు కూడా వేసింది. రేపు పొద్దున పదకొండింటికి బండి వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ అదే చెట్టు, అదే ఎదురుగా కొండ.

మధ్యాహ్నం వంటకి పచ్చిపులుసు చేస్తానంది. చింతపండు నానబెట్టి, ఉల్లిపాయ తరిగి, గుప్పెడు సరిపోయే చోట రెండు గుప్పిళ్ళు పచ్చిమిరపకాయలు చీల్చి గిన్నెలో వేసింది. గరిటె పక్కనే ఉంది. పప్పుగుత్తీ ఉంది. రెంటినీ వదిలేసి రెండు చేతులూ పెట్టి పిసకడం మొదలుపెట్టింది. గోళ్ళ సందుల్లోకి, వేళ్ళ మధ్యకి, మణికట్టు దాకా కారం పట్టించింది. పులుసు ఎప్పుడో అయిపోయింది, ఆవిడ ఇంకా పిసుకుతూనే ఉంది.

రెబ్కా వచ్చి గుమ్మంలో నిలబడింది. రెబ్కా తల్లి కూడా కోతలకి పోయిన మనిషే. ఆ పిల్లకి చెప్పాల్సిన పని లేదు.

"అత్తయ్యా, గరిటె ఉందిగా" అంది.

"మర్చిపోయానే."

"ముప్పై ఏళ్ళు మర్చిపోలేదు మీరు."

పున్నమ్మ చేతులు గిన్నెలో అట్లాగే ఉండిపోయాయి. "ఆ మెరిసేదేంటో నాకు చూడాలనుందే రెబ్కా" అంది తలొంచుకుని.

"పొద్దున్నే చెప్తే నేనుండిపోయేదాన్ని కదా."

"అదే కదా. అడిగితే ఇచ్చేస్తావు. నువ్విస్తే నేను తీసుకోలేను. ఇట్లా అయితే దొంగతనం నాది, నీకు పాపం లేదు."

రెబ్కాకి కోపం వచ్చింది. రాదా మరి? ముగ్గురు పిల్లల తల్లి, నాలుగేళ్ళలో ఒక్క పూట ఒంటరిగా నడిచింది లేదు. పాపని భుజాన వేసుకుని, "పోండి, ఆయనకి నేను చెప్తాలే" అంది. గొంతు కొంచెం కటువుగానే ఉంది.

భోజనాల దగ్గర యేసుపాదం పులుసు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చెంబెడు నీళ్ళు తాగాడు. కారపు చేతులతో పిల్లల్ని ముట్టుకోవడానికి లేదని ఆయనకీ తెలుసు. చేసేది లేక, సరే నడువు అన్నాడు. రెండింటికి ముగ్గురూ బయల్దేరారు.

మెట్లు మొదట్లో బాగానే ఉన్నాయి. తర్వాత రాళ్ళు, ముళ్ళకంపలు, సీతాఫలం చెట్లు. పున్నమ్మ ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి చూసింది. ఆ పిట్టేది, ఈ రాయి మీద గీతలెవరు గీశారు, ఈ గోడకి సున్నం ఎక్కణ్ణుంచి మోశారు అని అడుగుతూనే ఉంది. ఇమ్మానియేలు తెలిసినవి చెప్పాడు, తెలియనివి కల్పించాడు. టీచరు కదా. యేసుపాదం ముందు నడుస్తూ తొందరగా రమ్మని కేకలేశాడు.

రెండో దర్వాజా దాటాక చెమట నుదుటి మీంచి కంట్లోకి దిగింది. పున్నమ్మ వేళ్ళతో తుడుచుకుంది.

కోతలకి పోయే ఆడవాళ్ళు ఎవరూ ఆ పని చెయ్యరు. ముఖానికి చెమట పడితే భుజంతో తుడుచుకుంటారు, మోచేత్తో తుడుచుకుంటారు, వేళ్ళు మాత్రం ముఖం దగ్గరికి రానివ్వరు. అది వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టుంటుంది. పున్నమ్మకి ఆ అలవాటే లేదు. ముప్పై ఏళ్ళు మిరపచేల మధ్య బతికిన మనిషికి కారపు చేతులు అదే మొదటిసారి.

కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. అక్కడే కూలబడింది. మండుతోందని ఇంకో చేత్తో నలిపింది. రెండో కన్నూ పోయింది. సీసాలో నీళ్ళు యేసుపాదం పులుసు పుణ్యాన దారిలోనే తాగేశాడు.

"ఇదేం ఖర్మే నీకు. లే, చెయ్యి పట్టుకుని దింపుతాం" అన్నాడు యేసుపాదం.

"నేను రాను."

"కళ్ళు కనపడకుండా ఏం చూస్తావు?"

"కనపడేదాకా కూర్చుంటాను."

"నాలుగవుతోందమ్మా. పోనీ నేను ముందుకెళ్ళి చూసొచ్చి నీకు చెప్తాను" అన్నాడు ఇమ్మానియేలు.

"వద్దు. ఒకళ్ళు చెప్తే వినడం చాలయిపోయింది నాకు" అంది పున్నమ్మ. గట్టిగా అంది. కొడుకు వెనక్కి తగ్గాడు.

మేకల మెడగంటలు వినిపించాయి. కింద ఊరి నుంచి మేకల్ని తోలుకొచ్చే రహిమున్నీసా ఆ దారినే వస్తోంది. అరవై దాటిన మనిషి. విషయం విని నవ్వలేదు. చేతికర్ర కొస పున్నమ్మకి అందించింది. "పట్టుకో అక్కా. ఇక్కడ పక్కనే ఊట ఉంది. నా మేకలు తాగేది అక్కడే" అంది.

దారి వదిలి పక్కకి దిగారు. పున్నమ్మ కర్ర కొస పట్టుకుని, పాదాలతో తడుముకుంటూ నడిచింది. ఇమ్మానియేలు వెనకే వచ్చాడు. యేసుపాదం బీడీ వెలిగించుకుని దారి మీదే కూర్చున్నాడు. కాళ్ళకింద రాయి చల్లగా, జారుడుగా తగిలింది. రహిమున్నీసా ఆవిణ్ణి కూర్చోబెట్టి దోసిళ్ళతో నీళ్ళు కొట్టింది. మంట తగ్గలేదు. ఒక మేకని దగ్గరికి లాగి, "తల వెనక్కి వంచు" అని పొదుగు నుంచి నేరుగా కళ్ళల్లోకి పాలు పిండింది. వెచ్చగా, చిక్కగా పడ్డాయి. ఒక కంట్లో, ఇంకో కంట్లో, మళ్ళీ ఒక కంట్లో. పున్నమ్మ కదలకుండా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల ముఖాలు కడిగిందో, తన ముఖం ఇంకొకరు కడగడం మాత్రం ఆవిడకి గుర్తులేదు.

మెల్లిగా రెప్పలు విడ్డాయి. చుట్టూ వెలుగు. ముందు కారం వల్లనే అనుకుంది. తర్వాత చూసింది. తాను కూర్చున్నది పెద్ద నల్లబండ. పడమటి వైపుకి వాలి ఉంది. రాయి నెరియలోంచి నీళ్ళు సన్నగా ఊరి, బండ మొత్తం పల్చటి పొరలా పరుచుకుంటున్నాయి. దాని మీద నాలుగింటి ఎండ పడుతోంది. బండ వంక చూడటానికి లేదు.

"ఇది రోజూ ఇట్లాగే ఉంటుందా?" అని అడిగింది.

"ఈ వేళప్పుడు మేకలు కూడా దీని మీదికి రావక్కా, కళ్ళు చెదురుతాయి. ఎండాకాలం ఊట ఎండిపోతే మామూలు రాయే" అంది రహిమున్నీసా.

తడి బండ. బంగారం కాదు, గాజు కాదు, తడి బండ. పున్నమ్మ అరచెయ్యి దాని మీద ఆనించి, నీళ్ళు వేళ్ళ మీదుగా ఎట్లా పారుతున్నాయో చూసింది. నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయని నెరియలోకి తొంగి చూసింది. నెరియలో ఒక కప్ప ఉంది. దానికి నమస్కారం పెట్టినంత పని చేసింది. నవ్వొచ్చింది. కడుపు నిండినట్టయింది.

మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని కిందికి చూసింది. చేలు, తాటిచెట్ల వరస, రోడ్డు మీద ఒక బస్సు, ఆ తర్వాత తమ ఊరు. అక్కణ్ణుంచి కొండ కిందికి బండిలో ఒక పూట, కింది నుంచి ఇక్కడికి నడకలో గంటన్నర. ముప్పై ఏళ్ళు పట్టింది తనకి. అప్పుడు కోపం వచ్చింది పున్నమ్మకి. మొగుడి మీద, ఆదెమ్మ మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఒక్కనాడైనా పోతానని ఎవరినీ అడిగింది లేదు. ఆ కోపంలోనే రెబ్కా గుర్తొచ్చింది. పాపని భుజాన వేసుకుని కింద గుమ్మంలో నిలబడ్డ రెబ్కా. నవ్వు ఆగిపోయింది.

దిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రెబ్కా సామ్యేలుకి అన్నం తినిపిస్తోంది. అత్తయ్య ఎర్రబడ్డ కళ్ళు చూసి కంగారు పడింది, తర్వాత అడిగింది. "కనపడిందా?"

"కనపడింది. రేపు పొద్దున నిన్ను తీసుకుపోయి ఆ బండ చూపిస్తా, అప్పుడు మెరవదు గానీ."

"నాకు మెరిసేది అక్కర్లేదత్తయ్యా" అంది రెబ్కా. సామ్యేలు మూతి తుడుస్తూ, "కొండ పైన చెరువులున్నాయంటగా. అంత ఎత్తున నీళ్ళెట్లా నిలుస్తాయో అది చూడాలి నాకు" అంది. పున్నమ్మ కోడలి వంక కొత్తగా చూసింది. ఈ పిల్లకీ ఒకటుందన్నమాట. తనలాగే ఇదీ ఎవరికీ చెప్పలేదు.

యేసుపాదం వింటూనే ఉన్నాడు. "పదకొండింటికి బండొస్తుంటే పొద్దున కొండేంటి? మీరిద్దరూ పోతే పిల్లల సంగతి?"

"మీరిద్దరున్నారుగా" అంది పున్నమ్మ.

"నాకేం తెలుసే పిల్లల పెంపకం?"

"మీ చెయ్యి చూపించండి."

ఏమిటో అనుకుని యేసుపాదం చెయ్యి చాపాడు. పున్నమ్మ ముట్టుకోలేదు, దీపం దగ్గరికి వంగి చూసింది. "కారం లేని చెయ్యి. పిల్లల్ని పట్టుకోవడానికి నాకున్నదీ అదొక్కటే. మిగతాదంతా వాళ్ళే నేర్పారు నాకు" అంది.

యేసుపాదం కొడుకు వంక చూశాడు. ఇమ్మానియేలు కాయితం తీయబోయి, ఎందుకనో మళ్ళీ జేబులోనే పెట్టేసుకున్నాడు.

తెల్లవారి పాపకి కడుపునిండా పాలిచ్చి ఇద్దరాడవాళ్ళూ బయల్దేరారు. పది మెట్లు ఎక్కారో లేదో కింద పాప మొదలుపెట్టింది. రెబ్కా ఆగింది. దాని వెనకాలే సామ్యేలు అందుకున్నాడు. యేసుపాదం లాలిపాట పాడుతున్నట్టున్నాడు, ఎడ్లని అదిలిస్తున్నట్టుంది. రెబ్కా వెనక్కి తిరగబోయింది.

"నడువు" అంది పున్నమ్మ. అంది గానీ తన కాళ్ళూ కదల్లేదు. ఆ ఏడుపు ఆకలిది కాదు, భయానిది కాదు, ఎత్తుకున్న చెయ్యి కొత్తదైనందుకు. ఎడమ భుజానికి మార్చి వీపు రాస్తే ఆగుతుంది. కిందికి దిగి చెప్పి వస్తే ఎంతసేపు? నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని నాలుగు మెట్లు ఎక్కింది, ఇంకో నాలుగు ఎక్కింది. రెబ్కా వెనకే వచ్చింది.

మొదటి దర్వాజా దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. ఇద్దరూ నిలబడి విన్నారు. నిజంగానే ఆగిపోయింది. పున్నమ్మకి గుండెలో ఎక్కడో చివుక్కుమంది. తాను లేకుండా కూడా ఆగుతుందన్నమాట. ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా ఆగి ఉండేదేమో. చీర కొంగు నడుముకి బిగించి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, కోడలికి దారిచ్చింది.

"నువ్వు ముందు నడువు రెబ్కా. ఆ చెరువులు నేనూ చూళ్ళేదు."